ఓపీ చీటీలో పేరు లేని బిడ్డ

తల్లికి గానీ తండ్రికి గానీ మానసిక రుగ్మత ఉన్న ఇంట్లో, లేదా వారిలో ఒకరు మద్యానికో మరో మత్తుకో బానిసైన ఇంట్లో పెరిగే పిల్లలకు ఎలాంటి ఆసరా కావాలి, ఆ ఆసరాను బంధువులు, ఉపాధ్యాయులు, ఆరోగ్య కార్యకర్తలు ఎక్కడ వెతకాలి, దొరికినదాన్ని బిడ్డ దాకా ఎలా చేర్చాలి అన్నవి ఈ అధ్యాయంలో చర్చించే విషయాలు. రోగిని ఆసుపత్రికి తీసుకువెళ్లినప్పుడు పేరు, వయసు, ఊరు, ఎన్నాళ్లుగా బాధ, ఇదివరకు వాడిన మందులు అన్నీ ఓపీ చీటీ మీదికి ఎక్కుతాయి. ఇంట్లో పిల్లలు ఎంతమంది, ఈ పూట వారిని ఎవరు చూస్తున్నారు అన్న ప్రశ్న మాత్రం చాలాచోట్ల ఎవరి నోటా రాదు. పిల్లలకు అందవలసిన సాయమంతా ఆ ప్రశ్నను ఎవరో ఒకరు అడగడంతోనే మొదలవుతుంది.

సమస్య పరిధి

మానసిక రుగ్మత అంటే ఆలోచనలో, భావోద్వేగాల్లో, గ్రహింపులో లేదా జ్ఞాపకంలో తలెత్తి, మంచిచెడులు తేల్చుకునే శక్తినీ రోజువారీ పనులు చేసుకునే శక్తినీ బాగా దెబ్బతీసే స్థితి. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఇచ్చిన నిర్వచనంలో మద్యం, మాదకద్రవ్యాల వాడకంతో ముడిపడిన మానసిక స్థితులు కూడా చేరి ఉన్నాయి. తాగుడును కేవలం చెడు బుద్ధిగా, కుంగుబాటును సోమరితనంగా చూసే అలవాటు సమాజంలో ఇంకా బలంగా ఉన్నందున, ఈ రెండింటినీ చట్టమే చికిత్స అవసరమైన స్థితులుగా గుర్తించిందన్న సంగతి పిల్లలకు వివరించే పెద్దలు ముందుగా తెలుసుకోవాలి.

బెంగళూరులోని నిమ్‌హాన్స్ సంస్థ 2015–16లో 12 రాష్ట్రాల్లో జరిపిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం పెద్దల్లో 10.6 శాతం మంది ఏదో ఒక మానసిక రుగ్మతతో బాధపడుతున్నారు. దేశంలో మత్తుపదార్థాల వాడకంపై 2019లో వెలువడిన ఎయిమ్స్ నివేదిక, మద్యం వల్ల సమస్యల్లో పడి సాయం అవసరమైనవారు 5.7 కోట్ల మంది ఉన్నారనీ, మద్యానికి పూర్తిగా బానిసైన ప్రతి 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందుతోందనీ తేల్చింది. ఈ లెక్కలు పెద్దలవి. వారిలో ఎందరో తల్లిదండ్రులు కూడా కనుక, చికిత్స అందని మనిషి వెనుక ఆసరా అందని పిల్లలు ఉండే అవకాశం ఎక్కువ.

తెలుగు నేలకు ఈ బాధ కొత్త కాదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాస్యతా కేంద్రాలకు వచ్చిన మహిళలు మొదలుపెట్టిన సారా వ్యతిరేక ఉద్యమం 1993లో సారా నిషేధానికి, 1995లో సంపూర్ణ మద్యనిషేధానికి దారితీసింది. ఆ నిషేధం 1997లో సడలిపోయింది. దుకాణం ఉండాలా వద్దా అన్న చర్చ ఎంత అవసరమైనదైనా, అది ఎటు తేలినా, నిన్న రాత్రి ఇంట్లో జరిగిన గొడవ చూసి ఈ ఉదయం బడికి వచ్చిన బిడ్డ గురించి విడిగా ఆలోచించవలసిన బాధ్యత మాత్రం తీరదు.

బిడ్డ మోసే బరువు

తాగే తండ్రి ఉన్న ఇంట్లో ఎనిమిదేళ్ల బిడ్డకు కొన్ని చప్పుళ్లు కంఠతా వచ్చి ఉంటాయి. బండి స్టాండు వేసిన తీరు, గేటు గొళ్లెం తీయడానికి పట్టిన సమయం, గడపలో చెప్పులు విడిచిన శబ్దం విని, ఆ రాత్రి ఎలా గడుస్తుందో ఆ బిడ్డ ముందే అంచనా వేస్తుంది. అంచనాను బట్టి పుస్తకాలు దాచడం, తమ్ముణ్ని నిద్రపుచ్చడం, పక్కింటి తలుపు తెరిచి ఉందో లేదో చూసుకోవడం వంటి పనులు చేస్తుంది. స్కిజోఫ్రీనియా, అంటే లేని మాటలు వినిపించి, లేని అనుమానాలు నిజమని తోచే రుగ్మత, ఉన్న తల్లితో ఒంటరిగా ఉండే బిడ్డ మాత్రల అట్టలో ఎన్ని ఖాళీ అయ్యాయో రోజూ లెక్కపెడుతుంది. తల్లిదండ్రులకు తామే తల్లిదండ్రులుగా మారిపోయే ఈ స్థితిని మనోవైజ్ఞానికులు పేరెంటిఫికేషన్ అంటారు. ఇంటిపనిలో చేయందించడం పిల్లలకు మేలే చేస్తుంది గానీ, పెద్దవారి ప్రాణం తన కాపలా మీద ఆధారపడి ఉందన్న భావన పిల్లల నిద్రను, ఆటను, చదువును కొద్దికొద్దిగా తినేస్తుంది.

ఈ బరువు మోసే పిల్లలందరూ అల్లరిగానో చదువులో వెనకబడో కనిపించరు. తరగతిలో మొదటి ర్యాంకు తెచ్చుకుంటూ, ఎవరినీ ఇంటికి రానివ్వకుండా, ‘వయసుకు మించిన బుద్ధి’ అని అందరి మెప్పూ పొందే అమ్మాయి కూడా వీరిలో ఒకరు కావచ్చు. ఆమె పెద్దరికం ఇష్టంతో వచ్చిందా, భయంతో వచ్చిందా అని పరిశీలించవలసిన బాధ్యత ఉపాధ్యాయులది.

పరిశోధనలు తేల్చిన సంగతులు

1969లో కెనడాకు చెందిన మార్గరెట్ కార్క్, మద్యానికి బానిసైన తల్లిదండ్రులున్న 115 మంది పిల్లలతో మాట్లాడి ‘ది ఫర్గాటెన్ చిల్డ్రన్’, అంటే మరచిపోయిన పిల్లలు, అన్న పుస్తకం వెలువరించారు. తాగుడు కంటే కూడా ఇంట్లో గొడవలూ, తమను పట్టించుకునేవారు లేకపోవడమూ ఆ పిల్లలను ఎక్కువగా బాధించాయని ఆమె గమనించారు. ఈ పరిశీలనకు ఆచరణలో గొప్ప విలువ ఉంది: తండ్రి తాగుడు మానేవరకూ బిడ్డ కోసం ఏమీ చేయలేమని బంధువులు చేతులు ముడుచుకోనక్కరలేదు, ఎందుకంటే గొడవను తగ్గించడమూ బిడ్డను పట్టించుకోవడమూ ఈ రోజే మొదలుపెట్టగల పనులు.

1998లో అమెరికాలో విన్సెంట్ ఫెలిట్టి, రాబర్ట్ ఆండా బృందం ప్రచురించిన అధ్యయనం, ఇంట్లో వ్యసనం, మానసిక రుగ్మత, హింస వంటి బాల్యపు చేదు అనుభవాలు ఒకదానిపై ఒకటి పేరుకున్నకొద్దీ పెద్దయ్యాక గుండె జబ్బుల నుంచి కుంగుబాటు దాకా అనేక సమస్యల ముప్పు పెరుగుతుందని చూపింది. ఈ ఫలితం పక్కనే మరొకదాన్ని పెట్టి చదవాలి. హవాయి దీవుల్లోని కవాయిలో 1955లో పుట్టిన 698 మంది పిల్లలను ఎమీ వెర్నర్ బృందం దశాబ్దాల పాటు గమనించగా, పేదరికం, తల్లిదండ్రుల తాగుడు, మానసిక రుగ్మత వంటి అనేక గండాల మధ్య పెరిగినవారిలో కూడా దాదాపు మూడోవంతు మంది సమర్థులుగా, ఆత్మవిశ్వాసం గలవారుగా ఎదిగారు. వారి జీవితాల్లో కనిపించిన ముఖ్యమైన అంశాల్లో ఒకటి, తల్లిదండ్రులు కాకపోయినా సరే, నమ్మకంగా నిలబడిన ఒక పెద్ద మనిషి ఉండడం.

రుగ్మత ఉన్న తల్లిదండ్రుల కుటుంబాలకు ముందుగానే అందించిన సాయంపై జరిగిన 13 ప్రయోగాల ఫలితాలను కలిపి విశ్లేషించి 2012లో ప్రచురించిన సమీక్ష ప్రకారం, అలాంటి సాయం పొందిన పిల్లల్లో అదే రుగ్మత వచ్చే ముప్పు 40 శాతం తగ్గింది. ఇటువంటి పరిశోధనలను లెక్కలోకి తీసుకున్న దేశాల్లో పద్ధతులు అంతకు ముందే మారాయి. ఫిన్లాండ్‌లో చికిత్స చేసేవారే తల్లిదండ్రులతో వారి పిల్లల గురించి ఒకటి రెండుసార్లు కూర్చుని మాట్లాడే పద్ధతి అమల్లోకి వచ్చింది. రోగికి మైనరు పిల్లలున్నారా, వారికేం కావాలి అని కనుక్కోవడాన్ని నార్వే 2010 నుంచి ఆరోగ్య సిబ్బందికి చట్టబద్ధమైన విధిగా చేసింది.

మొదటి పని: నిజం చెప్పడం

పిల్లలకు ఏమీ తెలియదనుకుని పెద్దలు దాచిపెట్టిన ప్రతిచోటా పిల్లలు తమకు తోచిన కారణం ఒకటి కల్పించుకుంటారు, అది తరచుగా తమ తప్పే అయి ఉంటుంది. కనుక చెప్పే మాటల్లో నాలుగు సంగతులు తప్పక ఉండాలి: ఇది జబ్బు, నీ వల్ల రాలేదు, దీన్ని నయం చేయడం నీ పని కాదు, నిన్ను చూసుకోవడానికి ఫలానా మనిషి ఉన్నారు. ఆరేడేళ్ల బిడ్డకు అమ్మమ్మో పిన్నో చెప్పగల తీరు ఇలా ఉంటుంది: ‘అమ్మకు జబ్బు చేసిందమ్మా. జ్వరం వస్తే ఒళ్లు కాలినట్టు, ఈ జబ్బులో ఎవరూ అనని మాటలు వినిపిస్తాయి, అందుకే భయపడి అరుస్తోంది. నువ్వు అల్లరి చేసినందుకు రాలేదు. డాక్టరుగారు మందులిస్తున్నారు. నీకు అన్నం పెట్టడానికి, బడికి పంపడానికి నేనున్నాను.’ పదేళ్లు దాటిన పిల్లలకు జబ్బు పేరు, మందుల పని, మళ్లీ తిరగబెట్టే అవకాశం కూడా చెప్పవచ్చు.

ఊళ్లో ఈ జబ్బును గాలి సోకడమనీ, చేతబడి అనీ అనడం బిడ్డ చెవిన పడే ఉంటుంది. నానమ్మ కట్టించిన తాయెత్తును ఎగతాళి చేస్తే బిడ్డ ఇద్దరు పెద్దల మధ్య నలిగిపోతుంది; తాయెత్తు నానమ్మ ప్రేమ అనీ, జబ్బుకు మందు డాక్టరు దగ్గర ఉందనీ చెబితే ఆ ఇబ్బంది ఉండదు.

తెలుగు ఇళ్లలో ప్రత్యేకంగా జాగ్రత్త పడవలసిన విషయం ఒట్టు. బిడ్డ తల మీద చెయ్యి పెట్టించి ‘ఇక తాగనని ఒట్టెయ్యి’ అని తండ్రిని అడగడం ఎన్నో కుటుంబాల్లో ఆఖరి ఉపాయం. వ్యసనం అనేది మెదడు పనితీరునే మార్చే స్థితి కాబట్టి ఒట్టు మీద నిలిచే మద్యవిరమణ అరుదు. నాలుగో రోజున తండ్రి తాగివస్తే, ఒట్టు తప్పినందుకు తనకేదో కీడు జరుగుతుందనో, తన ప్రాణం తండ్రికి లెక్కలేదనో బిడ్డ నమ్ముతుంది. బిడ్డ తలను పూచీగా పెట్టించే పని ఎంత ప్రేమతో చేసినా మానుకోవాలి. అయ్యప్ప మాల వేసుకున్న 41 రోజులూ తండ్రి తాగకపోవడం బిడ్డకు నిజమైన పండుగ. ఆ సంతోషాన్ని నిలుపుకోవడానికి దీక్ష రోజుల్లోనే వైద్యుణ్ని కలిపించి, మాల తీశాక ఏం చేయాలో ముందే నిర్ణయించుకోవడం మేలు. ఒకవేళ తిరిగి తాగితే అది జబ్బు తిరగబెట్టడమనీ, బిడ్డ మొక్కుబడిలో లోపం కాదనీ చెప్పాలి.

కాస్త పెద్ద పిల్లలు పైకి అడిగినా అడగకపోయినా మనసులో పెట్టుకునే ప్రశ్న ‘నాకూ వస్తుందా?’ అన్నది. స్కిజోఫ్రీనియా సాధారణంగా నూటికి సుమారు ఒకరికి వస్తే, తల్లిదండ్రుల్లో ఒకరికి ఉన్నప్పుడు సుమారు పదిమందిలో ఒకరికి వస్తుంది. అంటే ఆ పదిమందిలో తొమ్మిదిమందికి రాదు. ఈ లెక్కను దాచకుండా చెప్పి, గంజాయికి దూరంగా ఉండడం, నిద్ర చెడగొట్టుకోకపోవడం, మనసు తేడాగా ఉన్నప్పుడు వెంటనే చెప్పడం వంటివి తన చేతిలో ఉన్న పనులని వివరించాలి.

రెండో పని: ఒక నమ్మకమైన మనిషి, ఒక రాసుకున్న ఏర్పాటు

బంధువులందరూ ‘మేమున్నాం’ అనడం కంటే మేనమామో పెద్దమ్మో ఒక్కరు పేరు పెట్టి బాధ్యత తీసుకోవడం బిడ్డకు ఎక్కువ ధైర్యమిస్తుంది. ఆ మనిషి ధనవంతులు కానక్కరలేదు; ప్రతి ఆదివారం వస్తానంటే ప్రతి ఆదివారం రావాలి, బిడ్డ చెప్పినదాన్ని ఊరంతా చాటకూడదు, రోగిగా ఉన్న తల్లినో తండ్రినో బిడ్డ ఎదుట తూలనాడకూడదు. బిడ్డ ఆ తండ్రినే ప్రేమిస్తుంది, ఆయనకే భయపడుతుంది. రెండూ ఒకే మనసులో ఉండవచ్చని ఒప్పుకున్న పెద్దవారి దగ్గరే ఆ బిడ్డ నోరు విప్పుతుంది.

ఆ పెద్దవారు, జబ్బు లేని తల్లి లేదా తండ్రి, వీలైతే జబ్బు నెమ్మదించిన రోజుల్లో రోగి కూడా కలిసి కూర్చుని ఒక కాగితం మీద ఏర్పాటు రాసుకోవాలి. రోగి ఆసుపత్రిలో చేరితే పిల్లలు ఎవరింట్లో ఉంటారు, బడికి ఎవరు దింపుతారు, మందుల చీటీలు, ఆధార్ కాగితాలు ఎక్కడున్నాయి, జబ్బు తిరగబెట్టే ముందు కనిపించే గుర్తులేమిటి, రాత్రి గొడవ జరిగితే బిడ్డ ఏ ఇంటి తలుపు తట్టాలి అన్నవి అందులో ఉండాలి. బిడ్డ గొడవలో అడ్డుపడకూడదనీ, తమ్ముళ్లు చెల్లెళ్లతో బయటపడి పెద్దవారిని పిలవడమే తన పని అనీ స్పష్టంగా చెప్పాలి.

మద్యానికి బాగా అలవాటుపడినవారు ఒక్కసారిగా మానేసినా, మత్తుమందు కలిసిన కల్తీ కల్లు హఠాత్తుగా దొరక్కపోయినా చేతులు వణకడం, మూర్ఛలు రావడం, లేనివి కనిపించడం జరగవచ్చు. ఇది ప్రాణాంతకం కూడా కావచ్చు కనుక 108కి ఫోను చేయడం బిడ్డకూ నేర్పాలి. కాన్పు అయిన కొద్ది వారాల్లో తల్లి మాటతీరు ఉన్నట్టుండి మారిపోయి నిద్ర లేకుండా పోతే దాన్ని బాలింత బలహీనత అనుకోక, ఆ రోజే వైద్యుడి దగ్గరికి తీసుకువెళ్లాలి.

మూడో పని: బయటి సాయాన్ని వెతకడం

వెతుకులాట ఫోనుతో మొదలుపెట్టవచ్చు. 2022 అక్టోబర్ 10న కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన, ఫోనులోనే మానసిక ఆరోగ్య సలహా ఇచ్చే టెలిమానస్ సేవ 14416 నంబరులో ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడవచ్చు. రోగి ఒప్పుకోకపోయినా బంధువులు తమ సందేహాలతో ఫోను చేయవచ్చు. వ్యసన విముక్తి కోసం 14446, ఆపదలో ఉన్న పిల్లల కోసం 1098, తక్షణ ప్రమాదంలో 112 నంబర్లు ఉన్నాయి. ఈ నంబర్లను బిడ్డ నోటుపుస్తకం చివరి పేజీలో రాసి ఉంచడం మంచిది.

వైద్యం కోసం జిల్లా ఆసుపత్రిలోని మానసిక వైద్య విభాగం, హైదరాబాదు ఎర్రగడ్డలోనూ విశాఖపట్నంలోనూ ఉన్న ప్రభుత్వ మానసిక వైద్యశాలలు అందుబాటులో ఉన్నాయి. వైద్యుణ్ని కలిసినప్పుడు జబ్బు పేరేమిటి, తిరగబెట్టే గుర్తులేమిటి, పిల్లలకు ఏమని చెప్పాలి, పిల్లలను ఒకసారి మీ దగ్గరకు తీసుకురావచ్చా అన్న నాలుగు ప్రశ్నలు అడగాలి. ప్రైవేటు వ్యసన విముక్తి కేంద్రంలో చేర్చేముందు దానికి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉందా, కుటుంబాన్ని చూడనిస్తారా, కుటుంబ సభ్యులకు కౌన్సెలింగ్ ఉందా అని విచారించాలి. రోగిని గొలుసులతో కట్టడాన్ని ఆ చట్టం పూర్తిగా నిషేధించింది. అదే చట్టం ప్రకారం చికిత్స పొందుతున్న తల్లి నుంచి మూడేళ్ల లోపు బిడ్డను, ప్రమాదం ఉంటే తప్ప, సాధారణంగా వేరు చేయకూడదు. 1980లో శాంతి రంగనాథన్ చెన్నైలో స్థాపించిన టి.టి. రంగనాథన్ క్లినికల్ రీసెర్చ్ ఫౌండేషన్ వంటి సంస్థలు కుటుంబ సభ్యులకు విడిగా ఇచ్చే చికిత్సా కార్యక్రమం, ఏ కేంద్రాన్నయినా కొలవడానికి మంచి కొలబద్ద. తాగే తల్లిదండ్రుల పిల్లలు తమలో తాము మాట్లాడుకునే అలాటీన్ బృందాలు 1957లో అమెరికాలో పుట్టాయి; అలాంటి బృందం దగ్గరలో లేనిచోట అదే కష్టం తెలిసిన ఇద్దరు ముగ్గురు పిల్లలను బడిలో ఒక నమ్మకమైన ఉపాధ్యాయురాలు కూర్చోబెట్టినా, ఇది తమ ఒక్కరికే జరుగుతోందన్న భావన సడలుతుంది.

డబ్బు లేక బడి మానే పరిస్థితి వస్తే జిల్లా బాలల సంరక్షణ విభాగాన్ని కలిసి, మిషన్ వాత్సల్య పథకం కింద అర్హులైన పిల్లలకు నెలకు 4,000 రూపాయలు ఇచ్చే స్పాన్సర్‌షిప్ గురించి అడగాలి. దీర్ఘకాలిక మానసిక రుగ్మతను 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం వైకల్యంగా గుర్తించింది కాబట్టి, వైకల్యాన్ని నిర్ధారించే సదరం ధ్రువపత్రం ద్వారా రోగికి పింఛను వస్తే అదీ పిల్లల పళ్లెంలోకి చేరే అన్నమే.

ఇల్లు క్షేమం కానప్పుడు

బిడ్డను కొట్టడం, పస్తులుంచడం, లైంగికంగా వేధించడం, మత్తుపదార్థాలు తెచ్చే పనికి వాడుకోవడం జరుగుతున్నప్పుడు కుటుంబ పరువు కంటే బిడ్డ ప్రాణం ముందు. సంరక్షించలేని స్థితిలో ఉన్న తల్లిదండ్రుల బిడ్డను 2015 నాటి బాల న్యాయ చట్టం ‘సంరక్షణ, రక్షణ అవసరమైన బిడ్డ’గా గుర్తిస్తుంది, మద్యం మోయడానికి, అందించడానికి పిల్లలను వాడుకోవడం ఆ చట్టం కింద ఏడేళ్ల వరకు కఠిన జైలుశిక్షకు తగిన నేరం. లైంగిక నేరం తెలిసిన ఎవరైనా ఫిర్యాదు చేసి తీరాలని 2012 నాటి పోక్సో చట్టం చెబుతుంది. 1098కి సమాచారం అందితే విషయం బాలల సంక్షేమ సమితి ముందుకు వెళుతుంది. బిడ్డను వసతి గృహంలో ఉంచడం చట్టం దృష్టిలో ఆఖరి మార్గం కనుక, బాధ్యత తీసుకోగల బంధువులుంటే సమితి ముందుకు వెళ్లి ఆ సంగతి చెప్పుకోవాలి. తల్లిదండ్రులకు జబ్బు ఉన్నంత మాత్రాన పిల్లలను లాక్కుపోతారన్న భయంతో ఎన్నో కుటుంబాలు సాయం అడగవు. జబ్బుకు మందులు వాడుకుంటూ, పిల్లలకు ఏర్పాటు చేసుకున్న తల్లి మంచి తల్లే అని వారికి ధైర్యం చెప్పవలసింది ఆరోగ్య కార్యకర్తలే.

అధ్యాయం ముగిసేలోగా చేయగల పని

ఇన్ని మార్గాలు ఉన్నా, అవి బిడ్డ పేరు ఎక్కడో ఒకచోట నమోదైనప్పుడే ఆ బిడ్డను చేరతాయి. ఓపీ చీటీ వెనకవైపు సాధారణంగా ఖాళీగానే ఉంటుంది. రోగికి తోడుగా వెళ్లినవారు వరుసలో నిలబడి ఉన్న సమయంలోనే ఆ ఖాళీలో పిల్లల పేర్లు, వయసు, చదివే తరగతి, ఈ రాత్రి వారి దగ్గర ఉండే మనిషి పేరు, ఫోను నంబరు రాసి, లోపలికి వెళ్లగానే ఆ వైపు తిప్పి వైద్యుడికి చూపాలి. మనిషి పేరు రాయవలసిన చోట ఎవరి పేరూ తోచకపోతే, ఆసుపత్రి నుంచి బయటికి వచ్చేలోగా ఆ పేరును వెతికి పూరించాలి. అదే ఆ కుటుంబానికి ఆ రోజు అందవలసిన మొదటి వైద్యం.